ప్రభుత్వ కప్ప నీళ్లలో పడరాదు

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వచ్చే ఒకటో తారీఖు నుండి ఈ శాఖ పరిధిలోని సమస్త బాలబాలికలకు ఆనందము తప్పనిసరి చేయడమైనది. ఆనందించని పిల్లల వివరములు నిర్ణీత నమూనాలో, మూడు ప్రతులలో సమర్పించవలెను."

ఇంత గొప్ప ఆర్డరు మీద సంతకం పెట్టేటప్పుడు ఛైర్మన్‌గారి ముఖంలో మాత్రం ఆనందం మచ్చుకైనా లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. ఆర్డరు బాలబాలికలకే కదా!

పిల్లలకు ఆనందం కలిగించే పని ఒక విభాగానికి అప్పగించారు. బడిపిల్లలకు పంచబోయే చిన్న ల్యాప్‌టాప్‌లలో చదువు చెప్పే ఆటలు తయారుచేయడం ఆ విభాగం పని. ఆటలు ఓపెన్ సోర్స్‌లో ఉండాలన్నారు. అంటే ఆట లోపల రాసిన కోడ్ అంతా ఎవరైనా చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చు. దాపరికం ఉండకూడదు. ఆ సంగతి అందరికీ తెలియాలని ఆఫీసు మూడో అంతస్తులో ఒక గది తలుపు మీద పెద్ద బోర్డు పెట్టారు: "ఓపెన్ సోర్స్ విభాగం. లోనికి ప్రవేశం లేదు."

ఆ తలుపు వెనకాల కూర్చునే ప్రోగ్రామర్ ఒక్కతే ఒక్క మనిషి. మిగతా పదకొండు కుర్చీలూ కమిటీవి. ఆటలు చేస్తుంది కాబట్టి ఆఫీసులో ఆమెకు ఆటలమ్మ అని పేరు పెట్టారు. పెట్టాక ఆ పేరున్న జబ్బు సోకుతుందేమో అన్నట్టు అందరూ ఆమెకు నాలుగడుగుల దూరంలోనే ఉండేవారు. ఆటలమ్మ ఏమీ అనుకునేది కాదు. నాలుగడుగుల దూరంలో ఎవరూ లేకపోతే పని త్వరగా అవుతుంది.

ఆమె చేసిన ఆట చాలా చిన్నది. ఒక వాగు, వాగులో పన్నెండు రాళ్లు, ఈ గట్టున ఒక కప్ప. రాయి మీద ఒక ఎక్కం లెక్క కనిపిస్తుంది. జవాబు సరిగ్గా కొడితే కప్ప గెంతి తర్వాతి రాయి మీద కూర్చుంటుంది. తప్పు కొడితే బుడుంగుమని నీళ్లలో పడుతుంది. పడ్డాక నెమ్మదిగా పైకెక్కి, తల విదుల్చుకుని, ఆడేవాళ్ల వంక ఒక చూపు చూసి, మళ్లీ అదే లెక్క దగ్గర కూర్చుంటుంది. ఆ చూపు కుదరడానికి ఆటలమ్మకు పదిరోజులు పట్టింది. అందులో తిట్టు ఉండకూడదు, జాలి ఉండకూడదు. "సరేలే, ఇంకోసారి చూద్దాం" అన్నట్టుండాలి.

మొదట ఆడింది ఇంట్లో అత్తగారు. ఆవిడ సరైన జవాబు తెలిసి కూడా తప్పు కొట్టేది.

"అత్తయ్యా, తొమ్మిదార్లు మీకు తెలుసు కదా!"

"తెలుసు అమ్మాయ్. అది పడి లేచాక నావంక చూస్తుందే, దానికోసం కొడుతున్నా. నువ్వు వెళ్లి పని చూసుకో."

తర్వాత ఆడింది ఊరి చివరి బడిలో ఐదో తరగతి. ఆట పరీక్షించి చూడ్డానికి అక్కడికి ఇరవై ల్యాప్‌టాప్‌లు ముందే ఇచ్చారు. ఆ తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. ఏం చెప్పినా ఎందుకు అని అడుగుతుంది కాబట్టి టీచరమ్మ దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టింది. ఎందుకమ్మకు లోకంలో అన్నిటిమీదా ప్రశ్నలే గానీ ఏడో ఎక్కం మీద మాత్రం భయం. ఆ రోజు ఏడెనిమిదుల దగ్గర దాని కప్ప ఇరవై మూడుసార్లు నీళ్లలో పడింది. పడ్డప్పుడల్లా తరగతంతా ఘొల్లుమంది, ఎందుకమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. ఇరవై నాలుగోసారి అది బెంచీ మీదికెక్కి "యాభై ఆరు!" అని అరిచిన అరుపుకు పక్క తరగతి టీచరు సుద్దముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆటలమ్మకు ఆ సాయంత్రం బస్సులో కళ్లనీళ్లు తిరిగాయి. పదేళ్ల ఉద్యోగంలో తన పని చూసి ఒక మనిషి బెంచీ ఎక్కడం అదే మొదలు.

ఆమె వచ్చేముందు పిల్లలకు రెండు బొత్తాలు చూపించింది. ఆట తెర మూలన "లోపల చూడు" అని ఒకటి. అది నొక్కితే ఆట ఎలా తయారైందో, ఏ వరుస ఏం చేస్తుందో తెలుగులోనే కనిపిస్తుంది, మార్చుకోవచ్చు. పక్కన "ఎవరు చేశారు?" అని ఇంకోటి. అది నొక్కితే మార్పుల చిట్టా. ఆటలో ఎవరు ఏది మార్చినా పేరు, చేసిన మార్పు, కారణం అందులో రాయాలి. రాసింది చెరపడం కుదరదు. చెరపబోతే ఆటే తెరుచుకోదు.

"చెరపడం ఎందుకు కుదరదు?" అంది ఎందుకమ్మ.

"చేసినవాళ్లు చేయలేదని తప్పించుకోకుండా" అంది ఆటలమ్మ.

"మా బడిలో కూడా ఇలాంటిది ఒకటి పెట్టరా?"

ఆట ఇక కమిటీ ముందుకు వచ్చింది. పదకొండు కుర్చీల్లో ఆ రోజు మూడు నిండాయి. ఛైర్మన్‌గారు, విషయ నిపుణుడు, సూపరింటెండెంటు. మిగతా ఎనిమిదిమందీ రాకుండానే ఏకగ్రీవంగా అంగీకరించారు.

ఛైర్మన్‌గారు ఆటలమ్మ ఆడి చూపిస్తుంటే చూశారు. ఆమె కావాలనే ఒక తప్పు జవాబు కొట్టింది. బుడుంగు!

ఛైర్మన్‌గారు ఉలిక్కిపడ్డారు. "ఏమ్మా, అది పడిందేం?"

"తప్పు కొట్టాం కద సార్. పడుతుంది."

"ప్రభుత్వ కప్పమ్మా అది! ప్రభుత్వ కప్ప నీళ్లలో పడటమేంటి? రేపు పేపరువాళ్లు ఫొటో తీస్తే?"

"పడితేనే సార్ పిల్లలు మళ్లీ ప్రయత్నిస్తారు. బడిలో ఒక పిల్లకు ఇరవై మూడుసార్లు పడింది, ఇరవై నాలుగోసారి జవాబు చెప్పింది. అదే ఆట."

"మన శాఖ లక్ష్యం నూటికి నూరు ఉత్తీర్ణత. కప్ప పడిందంటే ఒక విద్యార్థి ఫెయిలైనట్టు లెక్క. ఇరవై మూడుసార్లు పడిందా? అంటే ఒక్క పిల్ల ఇరవై మూడుసార్లు ఫెయిలైంది! నివేదికలో ఏం రాయమంటావు? వద్దు. ఏ జవాబు కొట్టినా కప్ప గెంతాలి. జవాబు కొట్టకపోయినా గెంతాలి."

విషయ నిపుణుడు కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయన బాలల మనస్తత్వం మీద నాలుగు పుస్తకాలు రాసిన మనిషి. బాలలు దగ్గరికొస్తే మాత్రం జేబులో కలం జాగ్రత్తగా పట్టుకునేవాడు. "గెంతు అనే మాట నాకు అభ్యంతరకరంగా ఉంది. స్థాయి లేదు. 'ఉత్ప్లవనము' అని పెట్టండి. ఆట మొదలయ్యే ముందు దాని అభ్యసన ప్రయోజనాలు పదకొండు పేజీలు నేను రాసిస్తాను. అవి చదివినవాళ్లకే కప్ప కనిపించాలి."

సూపరింటెండెంటును ఆఫీసంతా మూడుకాపీలాయన అంటారు. టీ కావాలన్నా మూడు కాపీల్లో రాసిమ్మనే రకం. "ప్రతి గెంతుకు ముందు, అదే, ప్రతి ఉత్ప్లవనానికి ముందు, 'అంగీకరిస్తున్నాను' అనే బొత్తం మూడుసార్లు నొక్కించండి మేడం. రేపు ఏ కప్పైనా నా అనుమతి లేకుండా గెంతించారని అంటే మన దగ్గర ఆధారం ఉండాలి" అన్నాడు.

ఆటలమ్మ ముగ్గురి వంకా చూసింది. "సార్, ఇన్ని పెడితే ఆడరు సార్ పిల్లలు."

"ఆడకపోవడమేంటి? ఆనందం తప్పనిసరి చేశాం కదా!" అన్నారు ఛైర్మన్‌గారు.

వాదనకు ఇక తావు లేదు. ఆమె లేవబోతుంటే ఛైర్మన్‌గారు గొంతు సవరించుకున్నారు. "అన్నట్టు, ఇందులో మా పేర్లెక్కడమ్మా?"

"పేర్లకు విడిగా చోటు లేదు సార్. ఎవరు ఏ మార్పు చేయించారో చిట్టాలో ఉంటుంది. 'ఎవరు చేశారు?' అని నొక్కితే అందరికీ కనిపిస్తుంది."

"అయితే అందులో ముందు నా పేరు పెట్టు. పెద్ద అక్షరాల్లో."

"పేరు ఒక్కటే కుదరదు సార్. ఏం మార్పు చెప్పారు, ఎందుకు చెప్పారు, అవీ రాయాలి."

"రాయి! ఒక్క ముక్క వదలకుండా రాయి. నేను ఏ మాట అంటే ఆ మాట!"

ఆటలమ్మ నిజాయితీ గల మనిషి. ఆఫీసుల్లో అదొక లోపం. "సార్, ఒకసారి రాశాక చెరపడం కుదరదు. ముందే చెబుతున్నాను."

"చెరపడమా!" ఛైర్మన్‌గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "చరిత్రలో నిలిచిపోవాలమ్మా. మనవళ్లు చూడాలి."

ఆమె ఆ సాయంత్రమే అంతా అన్నది అన్నట్టు రాసి, చదువుకోమని ముగ్గురి ముందూ పెట్టింది. ముగ్గురూ తమ పేరు ఉందో లేదో, అక్షరం పెద్దదో కాదో చూసుకుని మూడు కాపీల మీద సంతకాలు పెట్టారు. పేరుకింద ఉన్నది చదవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. దాంతోపాటు ఒక ఆర్డరు కూడా వెలువడింది: "ఆమోదించిన ఆటను ఈ విభాగపు ఉద్యోగులెవ్వరూ ఇకపై మార్చరాదు."

మార్చిన ఆటను ఆ రాత్రి అత్తగారికి ఇచ్చింది. ఆవిడ పదకొండు పేజీలు దాటడానికి రెండుసార్లు కునికింది. తర్వాత మూడుసార్లు అంగీకరించి ఏదో మీట నొక్కింది. కప్ప గెంతింది. ఇంకేదో నొక్కింది. గెంతింది. ఇంకో మూడుసార్లు అంగీకరించి, చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది. అయినా గెంతింది! పన్నెండో రాయి దాటాక తెర నిండా పూలు రాలి, "మీరు గెలిచారు" అని వచ్చింది.

"ఏంటమ్మాయ్, దీనికి ఒంట్లో బాలేదా? నావంక చూడనైనా చూడటం లేదు."

"బాగు చేశారత్తయ్యా. మా కమిటీవాళ్లు."

"పాపం" అని ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసింది. "గెలిచాను కదా, ఇక టీవీ పెట్టు."

ఆటలమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం ఉంది, పేరు ఉంది, ఆట మాత్రం లేదు. వచ్చే నెలలో అదే చచ్చు కప్ప లక్షమంది పిల్లల దగ్గరికి వెళుతుంది. ఏడో ఎక్కమంటే భయపడే ప్రతి పిల్లకూ "నువ్వు గెలిచావు" అని అబద్ధం చెబుతుంది. ఆమెకు దుఃఖమూ వచ్చింది, ఒళ్లుమంటా వచ్చింది.

కొత్త ఆట బడికి చేరిన మర్నాడే టీచరమ్మ ఫోను చేసింది. "మీ కప్ప చెడిపోయిందటండీ. ఏం కొట్టినా గెలిచేస్తున్నామని పిల్లలు ఒకటే గొడవ. మీరొచ్చి బాగుచేస్తారా?"

ఆటలమ్మ ఎదురుగా గోడకు అంటించిన ఆర్డరు చూసింది. ఈ విభాగపు ఉద్యోగులెవ్వరూ. మళ్లీ చదివింది. "నేను చేయకూడదండీ" అంది నెమ్మదిగా. "ఈ విభాగపు ఉద్యోగులెవరూ చేయకూడదని ఆర్డరు. పిల్లల గురించి అందులో ఏమీ రాయలేదు."

"మా ఐదో తరగతిలో ఉద్యోగులెవరూ లేరు లెండి" అని టీచరమ్మ ఫోను పెట్టేసింది.

ప్రారంభోత్సవం ఆ బడిలోనే పెట్టారు. శాఖ మొత్తానికీ పెద్దదిక్కైన పెద్దమేడం ముఖ్య అతిథి. ఆవిడ గురించి ఆఫీసులో ఒక భయంకరమైన మాట ప్రచారంలో ఉంది. సంతకం పెట్టే ముందు కాగితం చదువుతుందట!

బడి హాల్లో గోడకు పెద్ద తెర కట్టారు. ఐదో తరగతి ల్యాప్‌టాప్ ఒకటి దానికి తగిలించారు. కొత్త ల్యాప్‌టాప్‌ల అట్టపెట్టెలు వేదిక పక్కన పేర్చారు గానీ, పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయని వాటికి తాడు కట్టారు. ఛైర్మన్‌గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఈ కప్ప నా మెదడులో పుట్టింది" అన్నారు. కమిటీ చప్పట్లు కొట్టింది. ఆటలమ్మ ఆఖరి వరుసలో, స్తంభం పక్కన, ఎవరికీ సోకకుండా నిలబడింది.

పెద్దమేడం మైకు దగ్గరికి రాలేదు. కూర్చున్నచోటి నుంచే అడిగింది. "ఆట చాలా ముచ్చటగా ఉందన్నారు. ఎవరెవరు చేశారు?"

ఛైర్మన్‌గారు ఈ ప్రశ్న కోసమే నలభై నిమిషాలు మాట్లాడారు. "మేం దాపరికం లేని మనుషులం మేడం! ఒక్క బొత్తం నొక్కితే అంతా బహిరంగం!" అని స్వయంగా వెళ్లి "ఎవరు చేశారు?" నొక్కారు.

తెర నిండా పెద్ద అక్షరాలు వచ్చాయి. పెద్దమేడం కళ్లజోడు పెట్టుకుని పైకే చదవసాగింది.

"ఛైర్మన్‌గారు. మార్పు: ఏ జవాబు కొట్టినా, కొట్టకపోయినా పిల్లలు గెలవాలి. కారణం: ప్రభుత్వ కప్ప నీళ్లలో పడితే పేపరువాళ్లు ఫొటో తీస్తారు. మరియు నివేదికలో నూటికి నూరు రావాలి."

పెద్దమేడం కింది వరుసలోకి దిగింది.

"విషయ నిపుణుడు. మార్పు: గెంతు అనే మాట తీసి ఉత్ప్లవనము. పదకొండు పేజీలు చదివితేనే ఆట. కారణం: స్థాయి. సూపరింటెండెంటు. మార్పు: ప్రతి గెంతుకూ మూడుసార్లు అంగీకారం. కారణం: రేపు మన మీదికి రాకుండా."

విషయ నిపుణుడు కలం జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మూడుకాపీలాయన మెల్లగా అట్టపెట్టెల వెనక్కి జరిగాడు. పెద్దమేడం ఆగకుండా ఆఖరి వరుస కూడా చదివింది.

"ఐదో తరగతి, అందరం. మార్పు: కప్ప చెడిపోయింది, పడట్లేదు. లోపల చూసి బాగుచేశాం. పదకొండు పేజీలు, మూడు అంగీకారాలు తీసేశాం. గెంతు మళ్లీ పెట్టాం. కారణం: ఓడిపోకపోతే గెలిచినట్టు ఎలా తెలుస్తుంది?"

పిల్లలు ఊపిరి బిగబట్టారు. స్తంభం పక్కన ఆటలమ్మ కూడా. తన ఉద్యోగం మాట ఆమెకు గుర్తే రాలేదు. కప్పను మళ్లీ కట్టేస్తారా, వదిలేస్తారా, అంతే.

అప్పుడు ఛైర్మన్‌గారు తన ముప్పయ్యేళ్ల అనుభవమంతా ఒక్కసారి బయటికి తీశారు. ముఖం మీదికి చిరునవ్వు తెచ్చుకున్నారు. "చూశారా మేడం! ఇదే మా కొత్త విద్యా విధానం! కావాలనే చెడగొట్టిన ఆట ఇచ్చాం. పిల్లలు తమంతట తాము బాగుచేస్తారా లేదా అని పరీక్ష. చేశారు! కప్ప పడాలన్నది మొదటినుంచీ నా ఆశయమే! పడటంలోనే ఉంది మేడం చదువంతా!"

కమిటీ తేరుకుని గట్టిగా చప్పట్లు కొట్టింది. అట్టపెట్టెల వెనక నుంచి కూడా చప్పట్లు వినిపించాయి.

పెద్దమేడం తల ఊపింది. "మంచి ఆశయం. అయితే ఒకసారి మీరే ఆడి చూపించండి."

ఛైర్మన్‌గారు పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. రెండెనిమిదులు దాటారు, ఐదారులు దాటారు. ఏడో రాయి మీద ఏడెనిమిదులు వచ్చింది. ఆయన చేయి ఆగింది. విషయ నిపుణుడి వంక చూశారు. విషయ నిపుణుడు పైకప్పు వంక చూశాడు.

యాభై నాలుగు కొట్టారు. బుడుంగు!

కప్ప పైకెక్కి, తల విదుల్చుకుని, హాలంత పెద్ద తెర మీద నుంచి ఛైర్మన్‌గారి వంక చూసింది. అరవై మూడు కొట్టారు. బుడుంగు! నలభై ఎనిమిది. బుడుంగు! పేపరువాళ్లు లేచి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

ఛైర్మన్‌గారు బెంచీ గుద్ది, హాలంతా వినిపించేలా అరిచారు. "ఏమ్మా ఆటలమ్మా! ఏంటిది? ఇది పడకూడదని నీకు స్పష్టంగా చెప్పానా లేదా?"

అరిచాక గానీ తెలియలేదు ఏమన్నారో. అప్పటికి మొదటి ఆశయం నోట్లోంచి వెళ్లిపోయి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

రెండు జడల ఎందుకమ్మ లేచి వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. "ఎందుకు సార్ ఆవిడ మీద కోపం? దీనికి మార్పు అక్కర్లేదు. ఏడెనిమిదులు నేర్చుకుంటే పడదు. నాకు ఇరవై మూడుసార్లు పడింది. మీకింకా మూడే కదా!"

పెద్దమేడం నవ్వు ఆపుకోలేకపోయింది. లేచి వెళుతూ పక్కనున్న ఫైలు తెరిచి, చదివి, ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది: "ఐదో తరగతి ఆమోదించిన కప్పనే అందరికీ పంపండి." తాడు విప్పించి అట్టపెట్టెలు అక్కడే తెరిపించింది. మూడుకాపీలాయన వాటి వెనక దొరికాడు.

ఆటలమ్మ ఇంటికెళ్లి అత్తగారి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టింది. బుడుంగుమన్న చప్పుడు వినగానే ఆవిడ టీవీ కట్టేసింది.

ఇక్కడితో అయిపోవాలి గానీ, ఆఫీసు కదా, వారానికి ఇంకో ఆర్డరు వచ్చింది: "మార్పుల చిట్టాలో కమిటీవారి పేర్లు వెంటనే తొలగించవలెను." ఆటలమ్మ మూడు కాపీల్లో వినయంగా జవాబిచ్చింది. చెరపడం కుదరదని ముందే మనవి చేశానని, అయితే ఏలినవారి తాజా ఆదేశాన్ని కూడా నియమం ప్రకారం చిట్టాలో చేర్చానని.

చేర్చింది. లక్షమంది పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఇప్పుడు "ఎవరు చేశారు?" నొక్కితే ఆ వరుస కూడా కనిపిస్తుంది: "ఛైర్మన్‌గారు. మార్పు: పైన ఉన్న మా పేర్లన్నీ తీసేయాలి. కారణం: చెప్పలేదు."

దాని కింద, మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, ఊరి చివరి బడి ఐదో తరగతి నుంచి ఇంకో వరుస చేరింది. అందులో మార్పేమీ లేదు. ఒక్కటే మాట ఉంది.

"ఎందుకు?"